గన్నుతో తాత కాళ్లు కడిగాడు... మా వారికి చెప్పాలా, వద్దా?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. క్లుప్తంగా సంగతి ఇదీ. భర్త ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో అకౌంట్లు చూస్తారు. పదేళ్ల బాబు ఉన్నాడు. మామగారికి 71 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగరు, అరికాళ్లలో స్పర్శ సరిగా తెలియదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి వీళ్ల కారు సెల్లార్‌లోనే సీట్ల దాకా మునిగింది. బీమా వాళ్లు ఇచ్చినదానికి చేతి డబ్బులు కలిపి బాగుచేయించుకున్నారు. ముందు బంపరుకీ తలుపుల కింది భాగాలకీ టింకరింగ్ చేయించి, మళ్లీ పెయింట్ వేయించారు. అప్పటినుంచీ ఆయనకి కారు కడగడం ఒక వ్రతమైపోయింది. "ఇంకా బురద కంపు కొడుతోంది" అంటూ ఆన్‌లైన్‌లో 110 బార్ ప్రెషర్ వాషర్, అంటే గన్నులోంచి నీళ్లని గట్టి ఒత్తిడితో కొట్టే మిషన్, తెప్పించారు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, నిక్కర్లు, హవాయి చెప్పులతో తండ్రీకొడుకులిద్దరూ దిగుతారు. ఈ మధ్య బంపరు మీద అరచెయ్యంత పెయింట్ లేచిపోయింది. రివర్స్ గేరు వేస్తే వెనక ఏమీ లేకపోయినా సెన్సార్ కూస్తోంది. ఒకసారి గన్ను అందుకోబోతే ఈవిడకి చెయ్యి జుమ్మంది. చెబితే "తడి చేతులతో పట్టుకుంటే అలాగే ఉంటుంది, నీకేం తెలుసు" అన్నారట.

అసలు విషయం ఆరో పేజీలో ఉంది. పోయిన ఆదివారం కడుగుతుండగా ఆయనకి ఆఫీసు ఫోన్ వచ్చింది. గన్ను కారు పక్కన పెట్టి పైకి వెళ్లారు. అప్పుడే మామగారు రైతు బజారు నుంచి బురద కాళ్లతో వచ్చారు. "తాతా, కాలు పెట్టు, ఒక్క నిమిషంలో కడిగేస్తా" అన్నాడు మనవడు. ఆయన నవ్వుతూ పెట్టారు. బొటనవేలి పక్కన ఆవగింజంత ఎర్ర చుక్క పడింది, ఒక్క బొట్టు రక్తం వచ్చింది. "మీ నాన్నకి చెప్పకు" అని మనవడితోనూ, "అబ్బాయికి చెప్పనని మాటివ్వమ్మా" అని కోడలితోనూ అన్నారు. అప్పటికి నాలుగు రోజులు. "చుక్క మానినట్టే ఉంది, వేలు మాత్రం కొంచెం ఉబ్బినట్టు అనిపిస్తోంది. మామయ్యగారు ఏమీ లేదంటారు. బాబు సెల్లార్ వైపే పోవడం లేదు, అన్నం కెలికి వదిలేస్తున్నాడు. చెబితే మా వారు వాణ్ని కొడతారు. చెప్పకపోతే నాకు నిద్ర లేదు. ఆ మిషన్ అమ్మేయించమంటారా?" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం అందిన పూటే అందులోని నంబరుకి ఫోన్ చేసి, మామయ్యగారిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పాను. "తీసుకెళ్తానండీ, కానీ ఆయనకి మాత్రం..." అని ఆగిపోయారు. ఆ ఆగిపోయిన చోటి గురించి రాయాలి. దానికి ముందు, చుక్కంత గాయానికి నేనెందుకు అంత కంగారుపెట్టానో చెబుతాను. ఇలాంటి చుక్కే ఇంకో ఇంట్లో ఇంకో కాలి మీద ఉండొచ్చు.

110 బార్ అంటే దాదాపు 1,600 పి.ఎస్.ఐ. మీవారు బంకులో గాలి పట్టించేటప్పుడు "32 పెట్టు" అంటారే, ఆ 32 కూడా పి.ఎస్.ఐ.లోనే. దానికి యాభై రెట్లు. అంత ఒత్తిడితో సన్నటి ధారగా వచ్చే నీరు దగ్గరనుంచి తగిలితే చర్మాన్ని సూదిలా గుచ్చుకుని లోపలికి పోతుంది. పోయినచోట చిన్న రంధ్రమే కనిపిస్తుంది. లోపల మాత్రం నీరు కండకీ నరానికీ మధ్య దారి చేసుకుని పాకుతుంది, కాలి మీదున్న బురదనీ అందులోని క్రిముల్నీ వెంట తీసుకుపోతుంది. పైన చర్మం మూసుకుపోతుంది. లోపల చీము పట్టడానికి గంటలు పట్టొచ్చు, రోజులు పట్టొచ్చు. పెయింటో గ్రీజో ఇలా లోపలికి పోయినదాంతో పోలిస్తే ఉత్తి నీళ్లు నయమే. కానీ మామయ్యగారి కాలి మీద ఉన్నవి ఉత్తి నీళ్లు కావు, రైతు బజారు బురద. పైగా షుగరు. నొప్పి తెలియని కాలు "ఏమీ లేదు" అంటే ఆ మాట ఎంతవరకు నమ్మాలి?

డాక్టరుకి మూడు మాటలు విడివిడిగా చెప్పండి: ప్రెషర్ వాషర్ గన్ను తగిలింది, ఫలానా రోజు ఫలానా టైముకి, అప్పుడు కాలికి బురద ఉంది. "ఏదో గుచ్చుకుంది" అంటే టీటీ ఇంజెక్షన్ చేసి పంపించే ప్రమాదం ఉంది. ఇలాంటి గాయాన్ని ఎక్స్‌రే తీసి చూస్తారు, అవసరమైతే సర్జన్ తెరిచి కడుగుతారు. వాపు పైకి పాకినా, రంగు మారినా, వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, వేలితో నొక్కితే చర్మం కింద చిటచిటమన్నా ఓపీ చీటీ కోసం క్యూలో నిలబడొద్దు. రాత్రి అయినా సరే, పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్లిపోండి. పసుపు పెట్టడం, కాపడం పెట్టడం, పిండి చూడటం వద్దు. నేను డాక్టర్ని కాను. ఆ కాలు చూడాల్సింది డాక్టరే, నేను చెప్పగలిగింది ఆలస్యం చేయొద్దనే.

ఇప్పుడు బాబు సంగతి. మీరు యథాలాపంగా ఒక వాక్యం రాశారు: "మోటారు చప్పుడు ఆగిపోయింది కదా, ఆఫ్ చేశారనుకున్నాడు." నాకు ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే అనిపించింది. ఇంట్లో వాడే ఈ కరెంటు వాషర్లలో చాలావాటికి ట్రిగ్గర్ వదిలితే మోటారు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. చప్పుడు ఉండదు. కానీ స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది, పైపులో ఒత్తిడి అలాగే ఉంటుంది. మళ్లీ నొక్కగానే పూర్తి బలంతో కొడుతుంది. పెద్దవాళ్లే పొరబడతారు. స్విచ్ తీసేసినా సరే, పైపులో మిగిలిన ఒత్తిడి ఒక దెబ్బకి సరిపోతుంది. అందుకే పక్కన పెట్టేముందు ఒక వరస ఉంది: స్విచ్ ఆపాలి, కుళాయి కట్టాలి, గన్నుని నేల వైపు పెట్టి నీళ్లు ఆగేదాకా ట్రిగ్గర్ నొక్కాలి, తర్వాత ట్రిగ్గర్ దగ్గరుండే లాక్ వేయాలి. పైనుంచి ఫోన్ మోగితే ఈ నాలుగూ చేసి వెళ్లడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఆరోజు ఎవరూ తీసుకోలేదు. పదేళ్లవాడు తాత కాళ్లు కడగబోయాడు, అంతే.

మీవారికి ఎలా చెప్పాలి అన్నదానికి నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి, మూడింటికీ ఖర్చుంది. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు మీరే చెప్పొచ్చు. సంగతి సూటిగా ఆయన చెవిన పడుతుంది కానీ, "నాలుగు రోజులు నా దగ్గర దాచావా" అన్న కోపం ముందు మీ మీదికే వస్తుంది. లేదా డాక్టరు చెప్పేదాకా ఆగొచ్చు. డాక్టరు మాటకి విలువ ఎక్కువ, "నీకేం తెలుసు" అనలేరు. కాకపోతే నలుగురిలో, తెల్లకోటు ముందు తన తప్పు బయటపడిందని ఆయనకి చిన్నతనం అనిపిస్తుంది. ఆ చిన్నతనం ఇంటికొచ్చాక ఎవరి మీద తీరుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. మూడోది, మామయ్యగారే చెప్పడం. కాలు పెట్టింది ఆయన, మాట తీసుకున్నది ఆయన. మిమ్మల్ని ఆ మాట నుంచి విడిపించాల్సిందీ ఆయనే. తండ్రి మీద మీవారు అరవలేరు. ఇబ్బందల్లా పెద్దాయన "ఏం లేదురా, చిన్న గీత" అని తేల్చేస్తారేమోనని. కాబట్టి పక్కనే మీరుండి, ఆసుపత్రి కాగితం చేతిలో పెట్టుకుని ఉంటే ఈ దారి మంచిదని నా ఉద్దేశం. దాచేసే దారి కూడా ఉంది. కానీ కాలికి కట్టు పడ్డాక అది ఎన్నాళ్లు దాగుతుంది? అప్పుడు తెలిస్తే బాబు మీద పడే బరువు ఇప్పటికి రెట్టింపు అవుతుంది.

"కొడతారు" అని రాశారు. అది మాటవరసకి రాశారో, ఆయన నిజంగా చెయ్యి చేసుకునే మనిషో నాకు తెలియదు. రెండోదే అయితే బాబు ట్యూషన్‌కి వెళ్లిన టైములో, పెద్దాయన ఎదురుగానే ఈ మాట ఎత్తండి. పిల్లవాడి పేరుతో మొదలుపెట్టొద్దు. "మోటారు ఆగినా గన్ను ఆఫ్ అవదట, మనకెవరికీ తెలియలేదు" అని మిషన్‌తో మొదలుపెట్టండి.

ఇక మీరు ప్రశ్నగా అడగనిది, నన్ను భయపెట్టినది ఇంకోటుంది. గన్ను అందుకోబోతే చెయ్యి జుమ్మనడం తడి చేతుల గుణం కాదమ్మా. కరెంటు ఎక్కడో లీకవుతోంది. ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ మిషన్ ప్లగ్గు పెట్టొద్దు. ఇది మాత్రం సలహా అనుకోకండి, బతిమాలుకుంటున్నా. ఇలాంటి మోటారు 1,500 వాట్ల పైనే తీసుకుంటుంది, అంటే ఏడు ఆంపియర్ల చిల్లర. టీవీకి వాడే సన్న తీగ ఎక్స్‌టెన్షన్ బాక్సు దానికి చాలదు, వేడెక్కుతుంది. చుట్ట విప్పకుండా వాడితే ఇంకా వేడెక్కుతుంది. తడి నేల మీద ఆ బాక్సు పడి ఉంటే చెప్పేదేముంది. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, మూడు పిన్నుల ప్లగ్గు, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. లీకేజీ కనబడగానే కరెంటు కట్ చేసేది ఆ చివరిదే. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూసుకోవాలి. సెల్లార్‌లో ఇలాంటి లైను లేకపోతే అసోసియేషన్‌తో మాట్లాడాలి. నీళ్లు లిఫ్టు గుంటలోకి పోతున్నాయని వాళ్లు ఎలాగూ గొడవపడుతున్నారన్నారు కదా, రెండూ ఒకేసారి తేలతాయి.

మీవారిని నేను తప్పుపట్టలేను, ఎందుకంటే నేనూ అదే చేశాను. మిషన్ కొత్తగా కొన్నప్పుడు డాబా మీదున్న చెక్కబెంచీ పాకుడు వదిలిద్దామని గన్ను మూతికి ఎర్ర నాజిల్ బిగించి దగ్గరగా పెట్టాను. పాకుడుతోపాటు చెక్కే లేచింది. చిటికెన వేలు పట్టేంత గాడి, ఈ చివరినుంచి ఆ చివరికి. ఇప్పటికీ వచ్చినవాళ్లు దానిమీద వేలు పెట్టి "ఇదేంటి?" అంటారు. మీకొచ్చిన అయిదు రంగుల నాజిళ్లలో ఎర్రది సున్నా డిగ్రీలది, అంటే ధార విచ్చుకోకుండా సూదిలా వస్తుంది. మామయ్యగారికి తగిలినప్పుడు అదే బిగించి ఉందన్నారు. కారుకి దానితో ఏ పనీ లేదు. పసుపుపచ్చది 15 డిగ్రీలు, అదీ సిమెంటు నేలకే. ఆకుపచ్చది 25, టైర్ల పైన చక్రాల గూళ్లలో అట్టకట్టిన బురదకి కొంచెం దూరంనుంచి పనికొస్తుంది. బాడీకి తెల్లదే, 40 డిగ్రీలది, విసనకర్రలా విచ్చుకుంటుంది. నల్లది సబ్బు నీళ్లకి. ఎర్రదాన్ని మీవారే తీసి బీరువాలో పడేస్తే సగం టెన్షన్ పోతుంది.

బంపరు పెయింట్ లేవడం కూడా ఇందులోదే. కంపెనీలో వేసిన పెయింట్‌కీ, టింకరింగ్ తర్వాత వేసినదానికీ పట్టులో తేడా ఉంటుంది. ప్లాస్టిక్ బంపరు మీద కింద పూత సరిగా పడకపోతే మరీను. ఎక్కడో చిన్న రాయి తగిలి పెచ్చు లేచిన చోట అంచు కిందికి ధార దూరితే, అరిటాకు మీది ఈనె తీసినట్టు ఊడొస్తుంది. కాబట్టి మళ్లీ పెయింట్ వేసిన చోట, స్టిక్కర్ల అంచుల దగ్గర, మీ కారు విషయంలో తలుపుల కింది భాగమంతటా గన్ను వద్దు, మగ్గుతో పోసుకోవడమే. మిగతా బాడీకి రెండు మూడడుగుల దూరంనుంచి మొదలుపెట్టాలి, అడుగు కంటే దగ్గరికి రాకూడదు. నిటారుగా కొట్టకుండా ఏటవాలుగా, ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఉండాలి. పార్కింగ్ సెన్సార్లు, వెనక కెమెరా, తలుపుల రబ్బర్లు దాటేసుకుంటూ పోవాలి. మీ సెన్సార్ కూత నీళ్లు చేరడం వల్లే కావచ్చు, రెండు రోజులు ఆరనిచ్చి చూడండి, తగ్గకపోతే మెకానిక్‌కి చూపించండి. బానెట్ తెరిచి లోపల కొట్టడం మాత్రం వద్దే వద్దు. ఫ్యూజు బాక్సు, కంప్యూటర్ పెట్టె, ఆల్టర్నేటర్ అన్నీ అక్కడే ఉంటాయి. ముందున్న రేడియేటర్ రేకులు అగ్గిపెట్టె అట్టకంటే పలచన, ధార తగిలితే ఒరిగిపోతాయి.

టైర్ల గురించి చాలామందికి తెలియదు. టైరు పక్కభాగానికి దగ్గరగా కొడితే లోపలి పొరలు దెబ్బతినొచ్చు, పైకి కాస్త రంగు మారినట్టే కనిపిస్తుంది. అది ఆ రోజు ఏమీ చేయదు. ఎప్పుడో ఎండలో హైవే మీద స్పీడులో పోతున్నప్పుడు పగులుతుంది. గాలి వాల్వు దగ్గరా అంతే. ఇంకొకటి, బయట తిరిగొచ్చిన వెంటనే కడగొద్దు. మన ఊరి మే ఎండల్లో కాలిన బానెట్ మీదా, వేడెక్కిన బ్రేకు డిస్కుల మీదా చన్నీళ్లు పడటం మంచిది కాదు. చల్లారాక, నీడలో కడిగి, వెంటనే గుడ్డతో తుడిచేయాలి. లేకపోతే మీ బోరు నీళ్లకి తెల్లమచ్చలు పడతాయి.

ఇంత చెప్పాక ఒక మాట అడుగుతాను. మీవారు ప్రతి ఆదివారం కడుగుతున్నది కారు బయట. ఆయన పోగొట్టాలనుకుంటున్న కంపు లోపల ఉంది. సీట్ల దాకా మునిగిన కారులో బురదనీళ్లు కార్పెట్ కింది దూదిలోకీ, సీటు స్పాంజిలోకీ, ఏసీ గొట్టాల్లోకీ చేరి ఉంటాయి. పైన ఎన్ని వందల లీటర్లు కొట్టినా ఆ వాసన పోదు. ఆటోనగర్‌లో సీట్లు, కార్పెట్ విప్పి కడిగి ఎండబెట్టేవాళ్లున్నారు. ఏసీ ఫిల్టర్ మార్పించాలి. విప్పినప్పుడు సీట్ల కింద వైర్ల కలుపుళ్లలో చిలుము పట్టిందేమో కూడా చూడమనాలి. ఆ వాసన పోతే ఆదివారం వ్రతం దానంతటదే సన్నగిల్లుతుందని నా అనుమానం. ఆయన్ని ఆపమనడం కంటే "వాసన లోపల ఉందేమోనండీ" అనడం మీకూ తేలిక.

మిషన్ అమ్మేయించాలా అంటే, మీరు అమ్మమంటే అది మీ ఇద్దరి మధ్య పంతం అవుతుంది. ఉంచుకుంటే, లైను బాగుచేయించాక, కాళ్లకి బూట్లు, కళ్లకి అద్దాలు పెట్టుకుని, చుట్టూ పది అడుగుల్లో ఎవరూ లేకుండా ఆయనొక్కరే వాడాలి. డబ్బు ఖర్చవుతుంది, క్రమశిక్షణ కావాలి, వారం వారం ఆయన్ని కనిపెట్టుకుని ఉండే పని మీకు మిగులుతుంది. వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే ఇంట్లో ప్రమాదం పోతుంది, కింద జాకీ మీద లేపి అడుగుభాగం కూడా కడుగుతారు. అక్కడి గన్ను మాత్రం మీదానికంటే బలమైనది. పెయింట్ వేయించిన చోట్లు ముందే చూపించాలి, బాబుని దగ్గరికి పోనివ్వకూడదు. సర్వీసింగ్ కుర్రాళ్లు పని అయ్యాక అదే గన్నుతో కాళ్లు కడుక్కుంటూ ఉంటారు, వాడు చూసి నేర్చుకున్నది బహుశా అదే. మూడోది రెండు బకెట్లు, ఒక మగ్గు, ఒక మెత్తటి గుడ్డ. గంట పడుతుంది, నడుము నొప్పి వస్తుంది, తండ్రీకొడుకులు కలిసి చేయొచ్చు. ఆయన ఆదివారాల్లో నిజంగా పోగొట్టుకోకూడనిది ఆ కలిసి చేయడమే అయితే బకెట్లే మేలు.

ఆయన గన్నే కావాలంటే బాబుకి ఒకసారి చూపించమనండి. ఎర్ర నాజిల్ బిగించి, బాబుని బాగా వెనక నిలబెట్టి, గోడవార పెట్టిన పండు టమాటా మీద ఆయన చేత్తోనే ఒక్కసారి కొట్టమనండి. ఆ తర్వాత నాజిల్ బీరువాలోకి పోతుంది. తాతకి కట్టు ఉన్నన్నాళ్లూ మాత్రం ఈ ప్రదర్శన వద్దు, పిల్లవాడు తట్టుకోలేడు.

ఈలోగా వాడు అన్నం కెలుకుతున్నాడన్నారు. ఎవరికి ఎప్పుడు చెప్పాలో తేలేదాకా వాణ్ని ఆపి ఉంచకండి. ఈ రాత్రి పక్కన కూర్చుని కలిపి పెట్టండి. "తాత కాలు డాక్టరు చూస్తున్నాడు, నువ్వు చెప్పడం వల్లే మాకు తెలిసింది" అనండి. ఆ రోజు మీరక్కడ ఉండి ఉంటే మీరూ మోటారు ఆగింది కదా అనే అనుకునేవారని కూడా చెప్పండి.